క్లయింట్ పైసలు ఇవ్వకపోతే: వరంగల్‌లోనే ఉండి బకాయి వసూలు చేసుకునే చట్టపరమైన దారులు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాలలో ఇంటి నుంచే హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు వెబ్‌సైట్లు, లోగోలు, వీడియో ఎడిటింగ్, అనువాదాలు చేసిపెట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది. అలాంటి వాళ్ల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూడడం నా పని. ఏటా మార్చి చివర్లో పద్దులు ముగించేటప్పుడు దాదాపు ప్రతి ఫైల్లోనూ రావలసిన బాకీ ఏదో ఒకటి మిగిలి కనిపిస్తుంది. ఎందుకు వదిలేశారని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "వాళ్ల ఆఫీసు బెంగళూరులో ఉంది సార్. అక్కడిదాకా పోయి కేసు ఎవరు వేస్తరు?"

ఆ అవసరం చాలాసార్లు లేదు. చిన్న సంస్థల కోసం చేసిన కేంద్ర చట్టం ఒకటి, చెక్ బౌన్స్ చట్టం ఒకటి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఒక సెక్షన్. ఈ మూడూ మనం ఉన్నచోటి నుంచే కదలడానికి వీలు కల్పిస్తున్నాయి. అయితే ఏ దారికైనా ముందు చేసుకోవలసిన పని కొంత ఉంది. దాంతోనే మొదలుపెడదాం. నేను లాయర్‌ను కాను. దావా దాకా వెళ్లేటప్పుడు మీ కాగితాలు లాయర్‌కు చూపించాల్సిందే. కానీ ఆయన దగ్గరికి ఏం పట్టుకుని వెళ్లాలో, ఏం అడగాలో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ముందు తేదీ చూసుకోండి

లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేసే గడువు మూడేళ్లు. ఫలానా తేదీకి కడతామని ఒప్పుకుని ఉంటే ఆ తేదీ నుంచి, అలాంటి మాటేమీ లేకపోతే పని పూర్తయిన రోజు నుంచి లెక్క. 2024 జనవరి 10న పని అప్పజెప్పి, చెల్లింపు తేదీ ఏదీ అనుకోకపోతే 2027 జనవరి 10లోపు దావా పడాలి.

మొహమాటం వల్ల ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. "అన్నా, జర ఆగు, వచ్చే నెల పక్కా ఇస్త" అని ఫోన్లో ఎన్నిసార్లు అన్నా గడువు ఒక్కరోజు కూడా పెరగదు. అదే మాట మూడేళ్లు నిండకముందే రాతపూర్వకంగా, సంతకంతో వస్తే ఆ తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఇది సెక్షన్ 18. ఈమెయిల్‌లో బాకీ ఒప్పుకున్నా కోర్టులు లెక్కలోకి తీసుకున్న సందర్భాలున్నాయి. లెటర్‌హెడ్ మీద సంతకం ఉంటే మాత్రం వాదనకు తావుండదు. కొంత సొమ్ము పంపినా సెక్షన్ 19 కింద గడువు కొత్తగా మొదలవుతుంది, కానీ ఆ చెల్లింపు సంగతి కట్టినవాళ్ల రాతలో ఉండాలి. అందుకే ఐదు వేలు ఫోన్‌పేలో వచ్చిన రోజే, "ఇది ఫలానా బిల్లు కింద పార్ట్ పేమెంట్ అని ఒక మెయిల్ పెట్టండి సార్" అని అడిగి పెట్టించుకోండి.

మూడేళ్లు దాటిపోయినా ఒక చిన్న దారి ఉంది. పాత బాకీ కడతానని క్లయింట్ కొత్తగా రాసి సంతకం పెడితే, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద ఆ మాట చెల్లుతుంది. మన దగ్గర అందరికీ అలవాటైన ప్రామిసరీ నోటు ఇక్కడ బాగా పనికొస్తుంది. తెలిసిన మనిషే, ఇప్పుడు నిజంగానే చేతిలో పైసలు లేవంటే, కోపం తెచ్చుకోకుండా రెవెన్యూ స్టాంపు అంటించిన నోటు రాయించుకోండి.

బాకీ ఎవరిదో తేల్చండి

బోర్డు మీద పేరు ఒకటి, చట్టం దృష్టిలో బాకీదారు ఇంకొకరు అవుతుంటారు. హంటర్ రోడ్డులో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకోండి. ఆ పేరు ఒక సొసైటీది కావచ్చు, ఒక వ్యక్తిది కావచ్చు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీది కావచ్చు. నోటీసు తప్పు పేరు మీద పోతే కొన్ని నెలలు వృథా.

జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల జీఎస్టీ నంబరు కొడితే లీగల్ పేరు, వ్యాపార పేరు, చిరునామా అన్నీ వస్తాయి. దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు. కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా దొరుకుతుంది. మీతో మాట్లాడిన మేనేజర్ మీద కాకుండా ఆ సంస్థ మీద నోటీసు వెళ్లాలి. మధ్యలో ఏజెన్సీ ఉండి, పని వాళ్లే ఇచ్చి ఉంటే సాధారణంగా మీ బాకీదారు ఏజెన్సీయే. అసలు కంపెనీ వాళ్లకు కట్టిందా లేదా అన్నది మీకు సంబంధించిన విషయం కాదు.

కాగితాలు సర్దుకోండి

"అగ్రిమెంట్ రాసుకోలేదు సార్, ఇక కేసు నిలబడదు కదా" అని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. నిలబడుతుంది. మన చట్టంలో నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే. వాట్సాప్‌లో "ఓకే, 40 వేలకు ఫైనల్, మొదలుపెట్టండి" అన్న మెసేజ్ ఒప్పందానికి సాక్ష్యం. ఎలక్ట్రానిక్‌గా కుదిరిన ఒప్పందం ఆ కారణంతోనే చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది. రేటు కూడా అనుకోలేదు, కానీ మీ పనిని వాళ్లు వాడుకుంటున్నారు అంటే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 ఉంది: ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని లాభం అనుభవించినవాళ్లు దానికి తగిన సొమ్ము ఇవ్వాలి.

ఒకే ఫోల్డర్‌లో ఇవి పెట్టుకోండి: పని అడిగిన మెసేజ్‌లు, రేటు కుదిరిన చోటు, పని అందజేసిన రుజువు (మెయిల్, డ్రైవ్ లింకు, వాళ్లు "సూపర్, బాగుంది" అన్న జవాబు), మీ బిల్లు, అడిగిన ప్రతిసారీ వచ్చిన సమాధానం. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, కానీ పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జత చేయాలి. 2024 జూలై 1కి ముందు దీన్నే 65బి సర్టిఫికెట్ అనేవాళ్లు. ఇప్పుడు అందులో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఇంకొకటి ఉంటాయి. అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఈ పని తేలిక.

చాలామంది చూడని ఒక సాక్ష్యం ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోనే ఉంటుంది. మీ 26ఏఎస్ (మీ పేరు మీద కోసిన పన్ను వివరాల పట్టిక) తెరిచి చూడండి. టీడీఎస్ (మీకిచ్చే సొమ్ములోంచి ముందే కోసే పన్ను) అనేది మీకు సొమ్ము ఇచ్చినప్పుడు గానీ, మీకు ఇవ్వాలని వాళ్ల పద్దుల్లో రాసుకున్నప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు కోస్తారు. కాబట్టి బిల్లు సొమ్ము రాకుండానే ఆ బిల్లుకు టీడీఎస్ పడి ఉందంటే, "ఇంత ఇవ్వాలి" అని వాళ్ల అకౌంటెంట్ రాసుకున్నట్టే. రేపు "పని సరిగా చేయలేదు, అందుకే బిల్లు ఒప్పుకోలేదు" అని తిరకాసు పెడితే ఆ పేజీ ముందు పెట్టొచ్చు. నా దగ్గరికి బాకీ సంగతి పట్టుకుని ఎవరొచ్చినా మొదట తెరిచేది ఇదే.

రాసి అడగండి, తర్వాత లీగల్ నోటీసు

ఫోన్లు ఆపి మెయిల్‌కు మారండి. వాట్సాప్‌లో కూడా అదే పంపండి. బతిమాలొద్దు, బెదిరించొద్దు. ఇలా రాస్తే చాలు:

"నమస్కారం. మీ సంస్థ కోసం చేసిన వెబ్‌సైట్ పనిని మార్చి 4న అందజేశాను. బిల్లు నంబరు 17, మొత్తం రూ. 80,000. అందులో రూ. 20,000 అడ్వాన్స్‌గా ముట్టింది, రూ. 60,000 రావాలి. ఈ మెయిల్ అందిన 7 రోజుల్లోపు కింది ఖాతాలో జమ చేయగలరు. మొత్తం విషయంలో తేడా ఏమైనా ఉంటే ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేయండి."

ఆ చివరి వాక్యం ముఖ్యం. జవాబుగా "40 వేలే ఇవ్వాలి" అని వచ్చినా మేలే, 40 వేల బాకీ రాతలో ఒప్పుకున్నట్టు అవుతుంది. "కొంచెం టైమివ్వండి" అంటే బాకీ లేదని ఇక అనలేరు.

వారం గడిచినా ఉలుకూపలుకూ లేకపోతే లాయర్ చేత నోటీసు పంపించండి. ప్రైవేటు వాళ్ల మీద మామూలు సివిల్ దావాకు నోటీసు తప్పనిసరి కాదు. కానీ లెటర్‌హెడ్ మీద నోటీసు అందగానే దిగివచ్చేవాళ్లు చాలామంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు సౌకర్యాలు పెట్టించుకోవాలి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు, కవర్ వెనక్కి వస్తే విప్పకుండా ఆ కవర్ అన్నీ భద్రం.

ఉద్యం రిజిస్ట్రేషన్: మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం

ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం) ఫ్యాక్టరీల కోసమే అని చాలామంది అనుకుంటారు. సేవలు అందించే ఒంటరి మనిషికీ వర్తిస్తుంది. ఆధార్, పాన్ ఉంటే ఇలాంటి సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దీనికి వేలు అడిగే ప్రైవేటు సైట్ల జోలికి పోకండి. ఫ్రీలాన్సర్లు దాదాపు అందరూ సూక్ష్మ సంస్థ కిందికే వస్తారు.

ఆ సర్టిఫికెట్ ఉంటే చట్టం మీకు ఇచ్చేవి చూడండి. పని అందిన 15 రోజుల్లోపు క్లయింట్ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆరు నెలల తర్వాత "క్వాలిటీ బాగాలేదు" అనడానికి బలం ఉండదు. చెల్లింపు గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో కట్టాలి, రాసుకున్నా 45 రోజులు మించకూడదు. "మా కంపెనీలో 90 రోజుల సైకిల్ అండి" అన్న మాట ఈ చట్టం ముందు చెల్లదు.

గడువు దాటితే వడ్డీ. అదీ రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉందనుకుందాం. మూడింతలంటే 18 శాతం, నెలకు ఒకటిన్నర. రూ. 80,000 బాకీ ఏడాది తిరిగేసరికి సుమారు రూ. 95,650 అవుతుంది. నోటీసులో ఈ లెక్క పట్టిక వేసి చూపించండి. పైగా ఈ వడ్డీని క్లయింట్ తన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడు.

ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు (ఈ చట్టం కింద బకాయి వివాదాలు తేల్చే సంస్థ) ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది, 2025లో ఓడీఆర్ (ఆన్‌లైన్‌లో వివాదాలు తేల్చే) పోర్టల్ వచ్చింది. ప్రస్తుతం దరఖాస్తు ఎందులో తీసుకుంటున్నారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే చెబుతారు. ఉద్యం సర్టిఫికెట్, వర్క్ ఆర్డర్ లేదా దానికి సమానమైన మెయిల్, బిల్లులు సిద్ధంగా పెట్టుకోండి.

మొదట్లో చెప్పిన బెంగళూరు అనుమానానికి జవాబు ఇదే ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 18(4)లో ఉంది. పని చేసిపెట్టినవాళ్లు ఏ ప్రాంతంలో ఉంటే అక్కడి కౌన్సిల్‌కే అధికారం, కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా సరే. మీరు వరంగల్‌లో ఉంటే బెంగళూరు క్లయింట్ తెలంగాణ కౌన్సిల్‌కే జవాబు చెప్పుకోవాలి. అగ్రిమెంట్‌లో "వివాదాలు బెంగళూరు ఆర్బిట్రేషన్‌కే" (ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట విచారించి తీర్పు చెప్పే పద్ధతి) అని రాసి ఉన్నా ఈ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మహాకాళి ఫుడ్స్ కేసులో తేల్చింది. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్. తీర్పును కొట్టేయమని క్లయింట్ కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. ఆ ఒక్క షరతు చూసే సెటిల్‌మెంట్‌కు వచ్చేవాళ్లున్నారు.

ఇక ఇబ్బందులు. చట్టం 90 రోజుల్లో తేల్చాలంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. పని ఒప్పుకున్న తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బిల్లుకు వర్తిస్తుందా అన్న దానిపై సుప్రీంకోర్టులోనే భిన్నమైన తీర్పులున్నాయి. 2021లో పాత కాంట్రాక్టుకు వర్తించదని ఒక బెంచ్ చెప్పింది, 2025లో ఇంకో బెంచ్ వేరుగా ఆలోచించి విషయాన్ని పెద్ద బెంచ్‌కు పంపింది. అందుకే కొత్త పని ఒప్పుకునే ముందే నంబరు చేతిలో ఉండాలి.

కౌన్సిల్ దాకా వెళ్లకుండానే ఉద్యం నంబరు చేసే పని ఒకటుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు పైన చెప్పిన 15, 45 రోజుల గడువులోపు కట్టని బిల్లును క్లయింట్ ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు, నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపాలి. ఫిబ్రవరి, మార్చిలో వాళ్ల అకౌంట్స్ విభాగానికి, కుదిరితే వాళ్ల సీఏకి కూడా మీ ఉద్యం సర్టిఫికెట్ జత చేసి మెయిల్ పెట్టండి. యజమాని పట్టించుకోకపోయినా అకౌంటెంట్ పట్టించుకుంటారు. మీకు జీఎస్టీ ఉంటే ఇంకో మాట కూడా రాయండి: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో కట్టకపోతే వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీ మేరకు వాళ్ల పన్నులో తగ్గించుకున్నది) వడ్డీతో వెనక్కి కట్టాలి.

చెక్కు ఇచ్చి ఉంటే

చెక్కు బౌన్స్ అయితే తేదీలే ప్రాణం. చెక్కును దాని తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. వెనక్కి వచ్చిందని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగొచ్చు.

కేసు ఎక్కడ వేయాలి? 2015 సవరణ తర్వాత, మీరు చెక్కు జమ చేసిన మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే ఆ పరిధి కోర్టులో. మీ ఖాతా హనుమకొండ బ్రాంచిలో ఉంటే హైదరాబాద్ క్లయింట్ హనుమకొండకే రావాలి. 2022 జూన్‌లో తెలంగాణలో జ్యుడీషియల్ జిల్లాలు 33 అయ్యాయి కాబట్టి పెద్దపల్లి, జగిత్యాల, ములుగు వాళ్లకూ జిల్లా కోర్టు దగ్గరికొచ్చింది.

క్లయింట్ మన ఊరివాళ్లే అయితే లోక్ అదాలత్

ఆస్పత్రి, ఫంక్షన్ హాల్, ప్రైవేట్ కాలేజీ, షోరూమ్. క్లయింట్ ఇక్కడివాళ్లే, రేపు మళ్లీ ఎదురుపడాల్సినవాళ్లే అయితే ముందు ఇది ప్రయత్నించండి. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు, కానీ అక్కడ కుదిరిన మాటకు చట్టం బలం ఉండదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, దావా వేయకముందే ప్రీ-లిటిగేషన్ కేసుగా దరఖాస్తు ఇవ్వొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. లాయర్ లేకుండా మీరే మాట్లాడొచ్చు. అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది. వాళ్లు వచ్చి ఒప్పుకుంటే అక్కడ రాసే అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రాకపోతే, ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది, బలవంతం చేసే అధికారం లోక్ అదాలత్‌కు లేదు.

వాయిదాల్లో కడతానంటే తేదీలు, మొత్తాలు అవార్డులోనే రాయించండి. ఒక వాయిదా తప్పితే మిగతాదంతా ఒకేసారి కట్టాలన్న వాక్యం మరిచిపోవద్దు.

అదే సంస్థలో ఉచిత న్యాయ సహాయం కూడా దొరుకుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు. ఇంట్లో ఉండి డిజైన్, అనువాదం, ట్యూషన్ చేసే ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. హెల్ప్‌లైన్ నంబరు 15100.

సివిల్ దావా

పై దారులేవీ కుదరకపోతే కోర్టు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 ప్రకారం ప్రతివాది ఉన్నచోటే కాదు, వ్యవహారంలో కొంత భాగం జరిగిన చోట కూడా దావా వేయొచ్చు. పని ఇక్కడ చేసి, ఇక్కడి ఖాతాలో సొమ్ము రావాల్సి ఉంటే వరంగల్ పరిధి అని వాదించడానికి ఆధారం ఉంటుంది. అగ్రిమెంట్‌లో ఒకే ఊరి కోర్టులకు ఒప్పుకుని ఉంటే మాత్రం ఈ దారి కష్టం. సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి.

లాయర్‌ను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "దీన్ని ఆర్డర్ 37 కింద సమ్మరీ సూట్‌గా వేయొచ్చా?" రాతపూర్వక ఒప్పందం మీద తేలిన మొత్తం, లేదా ప్రామిసరీ నోటు ఉంటే ఈ దారి వీలవుతుంది. మామూలు దావాలో ప్రతివాది జవాబు వేస్తూ ఏళ్లు లాగొచ్చు. ఇందులో సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు కావాలి, ఆ తర్వాత వాదించుకోవడానికి కోర్టు అనుమతి అడగాలి. సరైన కారణం చూపకపోతే అనుమతి రాదు, డిక్రీ మీకు వస్తుంది.

బాకీ రూ. 3 లక్షలు, ఆపైన ఉండి వ్యాపార సేవలకు సంబంధించినదైతే కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది. అత్యవసర ఉత్తర్వులేమీ అడగనప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అది లేకుండా వేసిన దావాను తిరస్కరిస్తారని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. మధ్యవర్తిత్వంలో గడిచిన రోజులు మూడేళ్ల గడువులో లెక్కకు రావు.

కేసు నంబరు పడ్డాక 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీరే చూసుకోవచ్చు, ప్రతిసారీ లాయర్‌కు ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

క్లయింట్ ప్రభుత్వ ఆఫీసు అయితే

ఫ్లెక్సీ డిజైన్లు, డాక్యుమెంటరీలు, సభల వీడియోలు చేసినవాళ్ల బిల్లులు ఆఫీసుల్లో నెలల తరబడి ఆగుతాయి. ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. "నా ఫలానా బిల్లు ప్రస్తుతం ఏ దశలో, ఎవరి దగ్గర ఉంది? నోట్ ఫైల్ నకలు ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో రాతలో వచ్చిందంటే చాలాసార్లు ఫైలే కదులుతుంది. ప్రభుత్వం మీద దావాకు మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు తప్పనిసరి.

మీ పని మీద హక్కు మీదే

ఉద్యోగి చేసిన పనికి యజమాని హక్కుదారు. ఫ్రీలాన్సర్ విషయంలో అలా కాదు. రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు లోగో, కోడ్, వ్యాసం, అనువాదం మీద కాపీరైట్ చేసినవాళ్లదే. పైసలు ఇవ్వకుండా వాడుకుంటుంటే, బకాయితో పాటు కాపీరైట్ ఉల్లంఘన సంగతి కూడా నోటీసులో రాయించండి. కంపెనీ పేరుకు సంబంధించిన లోగో అయితే దీని ప్రభావం వెంటనే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: సొమ్ముకు ఒప్పుకుని తీయించుకున్న ఫొటోలు, వేయించుకున్న చిత్రాలు, తీయించుకున్న సినిమాల విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఈ దారి మీద ఆధారపడకుండా, ఎడిట్ చేసిన ఫైళ్లు ఇచ్చేముందే పూర్తి సొమ్ము తీసుకోవాలి.

ఈ దారుల్లో పోకండి

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే పనైపోతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. బాకీ కట్టకపోవడం దానంతట అది నేరం కాదు. మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం అవుతుంది. దొంగ పేరు, దొంగ చిరునామాతో ఎంతోమంది చేత పని చేయించుకుని మాయమైనవాళ్ల మీద ఫిర్యాదు ఇవ్వండి. మిగతావి సివిల్ వ్యవహారాలే.

పాత పాస్‌వర్డ్‌తో క్లయింట్ సర్వర్‌లోకి వెళ్లి సైట్ ఆపేయడం, ఫైళ్లు చెరిపేయడం అసలే వద్దు. అనుమతి లేకుండా అలా చేస్తే ఐటీ చట్టం కింద మీ మీదే కేసు అవుతుంది. ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టి దొంగ అని రాస్తే పరువు నష్టం కేసు రావొచ్చు, కోర్టులో మీ మాటకు విలువా తగ్గుతుంది. వినియోగదారుల కమిషన్ సేవ కొన్నవాళ్ల కోసం, అమ్మిన మన కోసం కాదు. దివాలా చట్టం కింద కంపెనీని ట్రిబ్యునల్‌కు లాగాలంటే బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి.

డిక్రీ వచ్చాక

డిక్రీ చేతికి రాగానే సొమ్ము రాదు. కట్టకపోతే అదే కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి బ్యాంకు ఖాతా, ఆస్తి జప్తు అడగాలి. దీనికి పన్నెండేళ్ల గడువుంది. క్లయింట్ మీకు ఇంతకుముందు ఏ ఖాతా నుంచి సొమ్ము పంపాడో మీ స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది, ఆ వివరం ఇప్పుడు పనికొస్తుంది. దావా నడుస్తుండగానే ఆస్తులు అమ్మేసుకుంటున్నాడని ఆధారం దొరికితే తీర్పుకు ముందే జప్తు అడిగే వీలూ ఉంది.

తర్వాతి బిల్లులో రాయవలసినవి

విదేశీ క్లయింట్‌తో పేచీ వస్తే ఇక్కడ గెలిచినా అక్కడ వసూలు కష్టం. వాళ్ల దగ్గర అడ్వాన్స్, దశలవారీ చెల్లింపు, లేదా సొమ్మును ముందే జమ చేయించే ప్లాట్‌ఫామ్ తప్ప వేరే మార్గం వెతకొద్దు.

ఇక్కడి క్లయింట్లకు కొటేషన్‌లోనే ఈ నాలుగు వాక్యాలు పెట్టి, "ఒప్పుకుంటున్నాం" అని మెయిల్ తెప్పించుకోండి. బిల్లు కింద కూడా ఇవే అచ్చు వేయండి:

"మా ఉద్యం నంబరు: ____. బిల్లు అందిన 15 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 16 ప్రకారం వడ్డీ వర్తిస్తుంది."

"పనిలో మార్పులు, అభ్యంతరాలు ఉంటే అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపాలి."

"పూర్తి సొమ్ము ముట్టిన తర్వాతే కాపీరైట్ క్లయింట్‌కు రాతపూర్వకంగా బదిలీ అవుతుంది."

"వివాదాలు హనుమకొండ కోర్టుల పరిధిలోనే."

చివరిదాంట్లో మీ జిల్లా పేరు వేసుకోండి. పెద్ద కంపెనీ తన సొంత అగ్రిమెంట్ పంపి దీన్ని కొట్టేయమంటే, మిగతా మూడూ ఉంచమని అడగండి. ఎక్కువ కంపెనీలు వాటి దగ్గర పట్టుబట్టవు.